పాపీలు మొలవకపోయినా, మొగ్గ మాడినా: వేడి, తేమ చిక్కులు – పరిష్కారాలు

ముందు విత్తనం పొట్లం చూసుకోండి. ఇక్కడ చెప్పేదంతా షర్లీ, ఐస్‌లాండ్, కాలిఫోర్నియా అనే మూడు రకాల పాపీ పూలమొక్కల గురించి. వంటింటి గసగసాలు చల్లితే వచ్చేది నల్లమందు మొక్క. దాన్ని లైసెన్సు లేకుండా పెంచడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద నేరం, కుండీలో ఒక్క మొక్కయినా సరే. ‘బ్రెడ్‌సీడ్’, ‘పియోనీ’ పాపీ అని అమ్మేవీ అదే జాతి, వాటి జోలికి పోకండి.

పగలు 15–22, రాత్రి 7–13 డిగ్రీలుంటే పాపీకి పండగే. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి పగళ్లు 28 దాకా వెళ్లినా రాత్రి 15 దగ్గరికి దిగుతుంది కాబట్టి మొక్క నెట్టుకొస్తుంది. విజయవాడ, విశాఖల్లో చాలా రాత్రులు 18–20 దగ్గరే ఆగిపోతాయి, పైగా గాలిలో తేమ. అరకు వైపు ఈ బాధ లేదు. అంటే మన దగ్గర లెక్క చూడాల్సింది పగటి ఎండ కన్నా రాత్రి చల్లదనాన్ని. గరిష్ఠ, కనిష్ఠ రెండూ చూపే థర్మామీటర్ ఒకటి మొక్క ఎత్తులో, నీడలో పెట్టండి. డాబా పిట్టగోడ పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. వాతావరణ వార్తల్లో చెప్పే అంకె మీ కుండీకి వర్తించదు.

రెండు వారాలైనా మొలక లేదు

మట్టి వేడిగా ఉందన్నమాట, లేదా విత్తనం లోతుకు పోయింది. మట్టి 13–20 డిగ్రీల మధ్య ఉంటే 7–15 రోజుల్లో మొలుస్తుంది. 25 దాటితే చాలా గింజలు నిద్రలోనే ఉండిపోతాయి. హైదరాబాద్‌లో దీపావళి అటూ ఇటూగా, కోస్తాలో వానలు వెనకబట్టాక నవంబరు చివర్లో చల్లండి. చిటికెడు విత్తనాన్ని పది చెంచాల పొడి ఇసుకలో కలిపి, తడిపిన మట్టి మీద చల్లి అరచేత్తో అదిమితే చాలు. షర్లీ, ఐస్‌లాండ్ గింజలకు వెలుతురు తగలాలి కాబట్టి మట్టి కప్పకూడదు. పైనుంచి నీళ్లు పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. కుండీని నీళ్ల పళ్లెంలో అరగంట ఉంచి తీయండి.

మొలకలు మొదలు దగ్గర నల్లబడి పడిపోతున్నాయి

నారుకుళ్లు తెగులు. వెచ్చటి రాత్రి, ఆరని మట్టి, ఒత్తుగా మొలకలు: మూడూ కలిస్తే రెండు రోజుల్లో కుండీ ఖాళీ. పాలిథిన్ కప్పి ఉంటే వెంటనే తీసేయండి. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. మిగిలిన మొలకల్ని కత్తెరతో పలచన చేసి, 30 సెంటీమీటర్ల కుండీకి మూడు మొక్కలు ఉంచండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. తల్లివేరు కదిలిన పాపీ తేరుకోవడం కష్టం, అందుకే నారు పోసి నాటే పద్ధతి దీనికి పనికిరాదు.

మధ్యాహ్నం ఆకులు వాలిపోతున్నాయి

నీళ్ల చెంబు అందుకునే ముందు వేలు రెండు అంగుళాలు గుచ్చి చూడండి. మట్టి పొడిగా ఉంటే దాహం, పోయండి. తడిగా ఉండి, సాయంత్రానికి ఆకు లేస్తే అది వేడి మాత్రమే. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే దాని చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, 12 గంటల తర్వాత పడే ఎండకు 50 శాతం నీడవల కట్టండి. మట్టి తడిగానే ఉండి పొద్దున్న కూడా ఆకు లేవకపోతే వేరుకుళ్లు. ఆ మొక్కను, మట్టిని తీసి పారేయడమే. మొదటి నుంచీ రెండు పాళ్ల తోటమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్టు వాడితే ఇంతదాకా రాదు. నల్లరేగడి ఒక్కటే నింపితే తప్పకుండా వస్తుంది.

ఆకు పైన పసుపు మచ్చలు, అడుగున బూడిద-ఊదా రంగు నూగు

బూజు తెగులు. చల్లటి రాత్రి, 85 శాతం పైన తేమ, పొద్దెక్కేదాకా ఆకు మీద నిలిచిన మంచు దీన్ని పెంచుతాయి. గాలిలో తేమ 40–60 శాతం ఉంటే మేలు. అది మన చేతిలో లేదు గానీ ఆకు త్వరగా ఆరేలా చూడటం మన చేతిలోనే ఉంది. ఉదయం ఏడులోపే మొక్క మొదట్లో నీళ్లు పోయండి, కుండీల మధ్య జానెడు ఎడం ఉంచండి, తెగులు పట్టిన ఆకులు తుంచేయండి. ముదిరితే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు. ఆకు పైభాగాన తెల్లటి పొడి ఉంటే అది వేరు, బూడిద తెగులు. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం మాత్రమే. 32 డిగ్రీలు దాటిన రోజున కొడితే ఆకు మాడుతుంది.

మొగ్గ విచ్చుకోకుండా ఎండిపోతోంది

షర్లీ పాపీ పగలు పొడవు పెరిగేకొద్దీ పూతకు వస్తుంది. మొగ్గ తొడిగేసరికి ఫిబ్రవరి, అప్పటికి హైదరాబాద్ పగళ్లు 30 దాటతాయి. ఆలస్యంగా చల్లినవారికి అందుకే మొగ్గలే మిగులుతాయి. ఈ ఏటికి చేయగలిగింది మధ్యాహ్నపు నీడ, మట్టి మీద రెండంగుళాల ఎండుటాకులు, యూరియా పూర్తిగా ఆపడం. కోస్తావారు వచ్చే ఏడు కాలిఫోర్నియా పాపీ వేసుకోవడం మేలు, వేడిని అదే కాస్త ఓర్చుకుంటుంది. ఐస్‌లాండ్ పాపీని ఆ రాత్రుల్లో పెట్టడం డబ్బు దండగ.

మొగ్గ తల వేలాడేసింది

ఏమీ చేయకండి. షర్లీ, ఐస్‌లాండ్ మొగ్గలు తల వంచుకునే పెరుగుతాయి, విచ్చుకునే ముందు కాడ తనే నిటారవుతుంది. పువ్వు ఒకటి రెండు రోజుల్లో రాలినా రోగం కాదు.

మార్చిలో షర్లీ, కాలిఫోర్నియా మొక్కలు మొత్తం పసుపెక్కితే నీళ్లు తగ్గించండి. షర్లీ కాయ ఊపితే గలగలమన్నప్పుడు కోయాలి. కాలిఫోర్నియా కాయ మాత్రం ఎండగానే చిట్లి గింజలు చిమ్ముతుంది, గోధుమ రంగు తిరగగానే కోసి కాగితం సంచిలో వేయండి. గింజల్ని వారం నీడలో ఆరబెట్టి, గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే అక్టోబరు దాకా చెడవు.