పాత స్పోర్ట్స్ కారు ఫ్లైవీల్ బరువు తగ్గించాలా? లేత్ ఎక్కించే ముందు చూడాల్సినవి

ఇంజిన్ వెనక క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ఇరుసుకి) బిగించి ఉండే బరువైన ఇనప చక్రమే ఫ్లైవీల్. దాన్ని తేలిక చేస్తే ఇంజిన్ పవర్ పెరగదు, ఒక్క హార్స్‌పవర్ కూడా. పెరిగేది ఇంజిన్ రేజ్ అయ్యే వేగం, దాంతోపాటు ఆర్‌పీఎం పడిపోయే వేగం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ బలంలో కొంత బండిని తొయ్యడానికి పోతే, కొంత ఆ ఇనప చక్రాన్ని ఇంకా జోరుగా తిప్పడానికే పోతుంది. చక్రం తేలికైతే ఆ రెండో ఖర్చు తగ్గుతుంది, అంతే. ఒకే స్పీడులో పోతుంటే తేడా ఏమీ తెలియదు.

పైగా ఈ లాభం అన్ని గేర్లలో ఒకేలా ఉండదు. ఫస్ట్ గేరు 3.4, డిఫరెన్షియల్ 3.9, టైరు వ్యాసార్థం 30 సెంటీమీటర్లు అనుకోండి, ఎంజీబీ లాంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు దగ్గర దగ్గరగా ఇలాగే ఉంటుంది. ఫ్లైవీల్ కేంద్రం నుంచి 13 సెంటీమీటర్ల దూరంలో 2 కిలోలు తీసేస్తే ఫస్ట్ గేరులో పికప్, బండిలోంచి దాదాపు 66 కిలోలు దించేసినట్టు ఉంటుంది. డైరెక్ట్ టాప్ గేరుకి వచ్చేసరికి అది 6 కిలోలకు కూడా రాదు. అంటే హైవే మీద ఓవర్‌టేక్ కోసం ఈ పని చేయించుకోవడం దండగ.

అదే 2 కిలోలు సగం దూరంలో, అంటే 6.5 సెంటీమీటర్ల దగ్గర తీస్తే ఫలితం సగం కాదు, నాలుగో వంతే. అందుకే ‘ఎన్ని కిలోలు తగ్గించారు’ అని అడగడం కన్నా ‘ఎక్కడ తగ్గించారు’ అని అడగాలి. అంచు దగ్గర తీసిందే లెక్కలోకి వస్తుంది, మధ్యలో తీస్తే బలం పోవడం తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు.

మరి ఎవరికి పనికొస్తుంది? మలుపుల రోడ్ల మీద, ట్రాక్ మీద కింది గేర్లలో నడుపుతూ, కింది గేరు వేసే ముందు యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి ఆర్‌పీఎంని ఆ గేరుకి కలిపేవాళ్లకి బ్రహ్మాండంగా ఉంటుంది. ట్రాఫిక్‌లో ఎక్కువ తిరిగే బండికి మాత్రం నేను వద్దంటాను. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అర చుట్టుకి ఒకసారి పేలుడు జరుగుతుంది, ఆ మధ్యలో ఇంజిన్‌ని లాక్కెళ్లేది ఫ్లైవీలే. అది మరీ తేలికైతే స్లో స్పీడ్ (ఐడ్లింగ్) కుదురుగా ఉండదు, గేర్ బాక్స్ గలగలమంటుంది, ఎత్తు మీద బండి కదిలించబోతే టక్కున ఆగిపోతుంది. రేసింగ్ క్యామ్ (వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్) కూడా ఉంటే ఈ బాధలన్నీ రెట్టింపు. ఆరు సిలిండర్లకి చుట్టుకి మూడు పేలుళ్లు కాబట్టి అవి కాస్త ఎక్కువే ఓర్చుకుంటాయి. ఇంకోటి, గేర్లు నిదానంగా మార్చే అలవాటుంటే ఈలోపే ఆర్‌పీఎం కిందికి పడిపోయి ప్రతి మార్పుకీ ఓ కుదుపు వస్తుంది.

చేయించాలనే అనుకుంటే, క్లచ్ కోసం ఎలాగూ విప్పినప్పుడే చేయించండి. ఎంజీబీలో క్లచ్‌కి ఇంజిన్ దించాలి, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లో గేర్ బాక్స్ కారు లోపలి నుంచే బయటికొస్తుంది. ఏదైనా సరే, ఈ ఒక్క పని కోసం అంత విప్పదీయడం అనవసరం.

విప్పే ముందు క్రాంక్ మీద ఫ్లైవీల్ ఏ స్థానంలో ఉందో మార్క్ పెట్టుకోండి. లేత్ కన్నా ముందు పగుళ్ల టెస్ట్ చేయించండి, పగులు కనిపిస్తే ఇంక చర్చ లేదు, అది తుక్కు. పాత ఫ్లైవీళ్లలో చాలావరకు పోత ఇనుమువి. బాగా కోసేసి ఎక్కువ ఆర్‌పీఎంలో తిప్పితే ముక్కలై, దాని చుట్టూ ఉండే బెల్ హౌసింగ్ డొప్పని చీల్చుకుని మీ కాళ్ల దగ్గరికే రావచ్చు. కాబట్టి రేసులకి వాడే ఇంజిన్ అయితే పాతది కోయకుండా కొత్త స్టీల్ ఫ్లైవీలే కొనండి. అల్యూమినియంది ఇంకా తేలిక, కానీ రోడ్డు మీద తిరిగే నాలుగు సిలిండర్ల బండికి అది అతి అని నా అభిప్రాయం. అలాంటి బండికి అసలు బరువులో నాలుగో వంతు తీస్తే చాలు.

కోయాల్సింది ఇంజిన్ వైపు ముఖం, అది కూడా అంచు దగ్గర. క్రాంక్ బోల్టుల చుట్టూ ముట్టుకోవద్దు, స్టార్టర్ పట్టుకునే పళ్ల చక్రం (రింగ్ గేర్) కూర్చునే చోట, క్లచ్ ప్లేట్‌ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్ బోల్టుల కింద సరిపడా మందం ఉంచాలి. మూలలు పదునుగా వదలకుండా గుండ్రంగా తిప్పమని టర్నర్‌కి గట్టిగా చెప్పండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. క్లచ్ ప్లేట్ ఆనే ముఖానికి సన్నటి కోత చాలు. ప్రెషర్ ప్లేట్ బిగించే ముఖం వేరే ఎత్తులో ఉంటే దాన్నీ అంతే తియ్యాలి, లేకపోతే క్లచ్ పట్టు మారిపోతుంది.

కొన్ని ఇంజిన్లకి వేరే జాగ్రత్త కావాలి. ఫోర్డ్ 302 వీ8 లాంటి వాటిలో ఫ్లైవీల్‌కి కావాలనే ఒక పక్క బరువు పెట్టి ఉంటుంది, దాన్ని కోసేస్తే ఇంజిన్ వణికిపోతుంది. పాత మినీల్లో టైమింగ్ గుర్తులు ఫ్లైవీల్ మీదే ఉంటాయి, అవి చెరిగిపోకూడదు.

కోత అయ్యాక ఫ్లైవీల్‌ని విడిగా ఒకసారి, ప్రెషర్ ప్లేట్ బిగించి ఇంకోసారి బ్యాలెన్స్ చేయించి, రెండూ కలిసే చోట గుర్తు పెట్టించండి. బిగించేటప్పుడు క్రాంక్ ముఖం శుభ్రంగా తుడిచి, కొత్త బోల్టులు వేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి ఎదురెదురుగా బిగించండి. తర్వాత డయల్ గేజ్ పెట్టి ముఖం అటూ ఇటూ ఊగుతోందేమో చూడండి. ఆరు సిలిండర్ల పొడవాటి క్రాంక్ అయితే దాని ముందువైపు వణుకు తగ్గించే డ్యాంపర్ రబ్బరు ఎలా ఉందో కూడా ఇప్పుడే చూసేయండి.

స్టార్ట్ చేశాక స్లో స్పీడ్ మునుపటికన్నా కాస్త పెంచుకోవాల్సి రావచ్చు. కానీ ముందు ఇగ్నిషన్ టైమింగ్ చూసి, జంట కార్బురేటర్లుంటే రెండూ సమానంగా గాలి లాగేలా సెట్ చేసి, ఆ తర్వాతే స్లో స్పీడ్ స్క్రూ తిప్పండి. ఇన్నాళ్లూ బరువు ఫ్లైవీల్ దాచిపెట్టిన ట్యూనింగ్ లోపాలన్నీ ఇప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి.