ఉప్పునీటి ట్యాంకుకు సంప్ – 4వ పాఠం: కరెంటు పోయాక దిగే నీళ్ళ లెక్క

ఈ పాఠంలో స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) పెడదామనుకున్నాం. అది వచ్చేసారికి. ముందు నేల తుడుచుకుందాం. మూడో పాఠం చూసి పైపులు బిగించినవాళ్ళలో చాలామందికి మొదటిసారి కరెంటు పోగానే స్టాండు కింద మడుగు కట్టింది. అది లీకు కాదు. అతుకులు విప్పి మళ్ళీ సిలికాన్ పూయకండి. నీళ్ళు పొర్లింది సంప్ అంచు మీంచి, అంటే చేపల ట్యాంకు కింద స్టాండులో పెట్టిన చిన్న గాజు తొట్టె మీంచి.

మన ఇళ్ళలో నేలలో కట్టిన సంపు నిండిపోతే మోటారు ఆపేస్తాం, గొడవ వదిలిపోతుంది. ట్యాంకు కింద పెట్టే ఈ సంప్ తీరు వేరు. పై ట్యాంకులో పొర్లిన నీరు ఇందులోకి దిగుతుంది, పంప్ దాన్ని మళ్ళీ పైకి ఎక్కిస్తుంది. మోటారు ఆగినప్పుడే ఇది పొర్లుతుంది. పంప్ ఆగగానే పై ట్యాంకులో ఓవర్‌ఫ్లో పెట్టె (నీళ్ళు కిందికి దిగే చోటు) అంచు పళ్ళకు పైన నిలిచిన సెంటీమీటరు నీరు దిగుతుంది. అంతటితో ఆగదు. నీళ్ళను పైకి తెచ్చే రిటర్న్ పైపే తిరగబడి సైఫన్ అవుతుంది, అంటే పంప్ లేకుండానే నీళ్ళను కిందికి లాగుతుంది; దాని చివరి నాజిల్ నోటికి గాలి తగిలేదాకా లాగుతూనే ఉంటుంది.

మన పాఠాల ట్యాంకు 60×40×40 సెం.మీ., 8 మి.మీ. గాజు. గాజు మందం తీసేస్తే లోపల 58.4×38.4 సెం.మీ. అంటే నీటి మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 2.24 లీటర్లు కిందికొస్తాయి. సంప్ 45×30×30, 6 మి.మీ. గాజు. అందులో సెంటీమీటరుకు పట్టేది 1.26 లీటర్లే. పైన ఒక సెంటీమీటరు తగ్గితే కింద దాదాపు రెండు పెరుగుతుంది. తడిసినవాళ్ళంతా మర్చిపోయింది ఇదే.

నాజిల్ నోరు నీటి మట్టానికి 8 సెం.మీ. కింద ఉందనుకోండి. దిగే నీరు 18 లీటర్లు. సంప్‌లో మట్టం అంచుకు 12 సెం.మీ. కింద ఉంటే ఖాళీ 15 లీటర్లు. మిగతా మూడు లీటర్లు నేల మీదే. ఓవర్‌ఫ్లో పెట్టెలోదీ పైపుల్లోదీ కలిస్తే ఇంకో లీటరో రెండో. పైగా సంప్‌లో స్కిమ్మర్ పెట్టే అరలో మట్టం, పంప్ ఉండే రిటర్న్ అరలో కంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి అసలు ఖాళీ 15 కూడా ఉండదు. అదే నాజిల్‌ని 1.5 సెం.మీ. లోతుకు లేపితే సైఫన్ 3.4 లీటర్ల దగ్గర తెగిపోతుంది. అన్నీ కలిపి ఐదు లీటర్లు, సంప్‌లో నాలుగు సెంటీమీటర్లు. నీటి పైపొర కదులుతూ ఉంటే ఆక్సిజన్ కూడా బాగా అందుతుంది. నాజిల్ లోతుగా పెడితే ట్యాంకు చూడ్డానికి బాగుంటుందనే మాట పట్టించుకోకండి.

ఇక అసలు పేచీ. “పంప్ మీద నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టేశాం, మాకేం భయం లేదు” అనే ధీమా. నీళ్ళను వెనక్కి రానివ్వని వాల్వు అది. బోరు మోటారుకు ఏళ్ళ తరబడి పనిచేసే వాల్వు ఇక్కడ ఎందుకు పనిచేయదని అడుగుతారు. ఉప్పునీటి ట్యాంకులో గట్టి గాజునే వదలని జీవం ఉంటుంది. గులాబీ రంగు సున్నపు నాచు పైపుల లోపల కూడా పొర కడుతుంది. సన్నని పురుగులు తమ చుట్టూ సున్నపు గొట్టాలు కట్టుకుంటాయి. వాల్వు రెక్క కింద ఆవగింజంత గొట్టం చాలు, ఇసుక రేణువు చాలు, రెక్క పూర్తిగా మూసుకోదు. నిమిషానికి 100 మి.లీ. కారితే ఏం పోయిందిలే అనిపిస్తుంది. రెండు గంటల కోతలో అది 12 లీటర్లు. బిగించిన రోజు పరీక్షిస్తే బ్రహ్మాండంగా మూసుకుంటుంది, అందుకే నమ్ముతారు. నెలలు గడిచాక మోసం చేస్తుంది. పెట్టుకోవద్దనడం లేదు. రెండు వైపులా యూనియన్లు (పైపు కోయకుండా విప్పదీసే జాయింట్లు) పెట్టి, నెలకోసారి విప్పి, వెనిగర్‌లో అరగంట నానబెట్టి బ్రష్షు కొట్టేవాళ్ళు పెట్టుకోండి. లెక్క మాత్రం వాల్వు లేనట్టే వేయండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకూ ఇదే మాట: మేత వేసేటప్పుడు పంప్ మీరే ఆపుతారుగా.

గాలి లోపలికి వెళ్ళి సైఫన్ తెగేలా రిటర్న్ పైపుకి నీటి మట్టానికి కాస్త కిందే 4 మి.మీ. రంధ్రం పెట్టడం కూడా ఒక పద్ధతి. నత్త వచ్చి కూర్చుంటే అదీ మూసుకుపోతుంది. వారానికోసారి టూత్‌బ్రష్‌తో రుద్దండి.

వాల్వుల మాట వచ్చింది కాబట్టి: ప్లంబర్ ఇత్తడిది ఇస్తే తిప్పి పంపండి. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలూ నత్తలూ పగడాలూ రాగికి తట్టుకోలేవు. కిందికి దిగే పైపు ఒక్కటే ఉంటే దానికి ఏ వాల్వూ వద్దు, ప్లాస్టిక్‌దైనా సరే.

రెండో ప్రమాదం దీనికి తిరగేసినది. కిందికి దిగే పైపుకి ఏదో అడ్డుపడింది, పంప్ మాత్రం తోడుతూనే ఉంది. అప్పుడు రిటర్న్ అర మొత్తం పైకెక్కుతుంది. 12 సెం.మీ. వెడల్పు అరలో పంప్ నోటికి పైన 12 సెం.మీ. నీరుంటే 4.1 లీటర్లు. పై ట్యాంకు అంచు కింద 3 సెం.మీ. ఖాళీ ఉంటే 6.7 లీటర్లు పడతాయి, గండం గడిచినట్టే. రిటర్న్ అరను చిన్నగా కట్టమన్నది ఇందుకే. ఆ చిన్న అరకు ఒక బాధ ఉంది: ఆవిరైన నీళ్ళన్నీ అక్కడే తగ్గినట్టు కనిపిస్తాయి. లీటరు తగ్గితే మట్టం దాదాపు 3 సెం.మీ. పడిపోతుంది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కాబట్టి నింపేది ఆర్వో నీళ్ళతోనే. ఉప్పునీళ్ళు పోసుకుంటూ పోతే సాంద్రత 1.025 నుంచి పైకి పాకుతుంది.

లెక్కలు విసుగనిపించేవాళ్ళకు అడ్డదారి ఉంది, నిజానికి నాకిష్టమైనదీ ఇదే. పై ట్యాంకుని ఓవర్‌ఫ్లో దాకా నింపి ఒకసారి పంప్ నడిపి ఆపండి. దిగాల్సిందంతా దిగాక సంప్‌ని అంచుకు 2 సెం.మీ. కిందిదాకా నింపండి. ఇప్పుడు పంప్ వేయండి. పది నిమిషాల తర్వాత రిటర్న్ అరలో మట్టం ఎక్కడ నిలిచిందో అక్కడ పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి. పంప్ నడుస్తుండగా ఆ గీత దాటి చెంబెడు నీళ్ళు కూడా పోయకూడదు. నాజిల్ కోణం మార్చిన ప్రతిసారీ గీత చెరిపి మళ్ళీ గీయాలి.

అభ్యాసం, అంతా మామూలు నీళ్ళతోనే. రెండు రోజుల్లో పదిసార్లు స్విచ్ ఆపండి: మూడుసార్లు ఒక నిమిషం, మూడుసార్లు పది నిమిషాలు, మూడుసార్లు గంట, ఒకసారి రాత్రంతా. ప్రతిసారీ సంప్‌లో మట్టం ఎంత లేచిందో రాసుకోండి. పది నిమిషాలకీ రాత్రంతాకీ మధ్య తేడా వస్తే సైఫన్ తెగడం లేదు, నాజిల్ ఇంకా పైకి లేపండి. తర్వాత కిందికి దిగే పైపుకి గుడ్డ కుక్కి పంప్ నడపండి. ట్యాంకు దగ్గరే నిలబడి, చెయ్యి స్విచ్ మీద ఉంచండి. ఆఖరున రిటర్న్ గొట్టాన్ని 10 లీటర్ల బకెట్లోకి అదే ఎత్తులో వదిలి, సంప్‌లో నీళ్ళు తగ్గకుండా పోస్తూ గడియారం చూడండి. 80 సెకన్లలో నిండితే గంటకు 450 లీటర్లు, ఈ ట్యాంకుకు సరిగ్గా సరిపోతుంది. డబ్బా మీద 1000 అని రాసి ఉన్నా కంగారు పడకండి, అది నీళ్ళు పైకెత్తకుండా కొలిచిన అంకె.

ఇవన్నీ దాటాకే ఉప్పు కలపండి. వచ్చే పాఠానికి స్కిమ్మర్ డబ్బా మీద రాసిన నీటి లోతునీ, మీ స్కిమ్మర్ అరలో ఉన్న లోతునీ స్కేలుతో కొలిచి దగ్గర పెట్టుకోండి.