స్పోర్ట్స్ కారు ఏ దేశంలో తయారైందో తెలుసుకుని ధర అంచనా వేయడం ఎలా?

విశాఖపట్నం బీచ్ రోడ్డులో సాయంత్రం పూట ఒక స్పోర్ట్స్ కారు ఆగిందంటే, చుట్టూ చేరినవారు ముందుగా అడిగేది "ఇది ఏ దేశం బండి?" అనే. ప్రశ్న సరైనదే. అయితే జవాబుగా అందరూ బ్రాండు పుట్టిన దేశం పేరే చెబుతారు. కొనేవారి ఖర్చును నిర్ణయించేది మాత్రం ఆ కారును ఏ దేశంలో బిగించారు, మన దేశంలోకి అది ఏ రూపంలో వచ్చింది అన్న సంగతి. బేరానికి కూర్చునే ముందే దీన్ని తేల్చుకోవాలి.

మొదటి అడుగు: బ్రాండు దేశాన్నీ తయారీ దేశాన్నీ వేరు చేసి చూడండి. టయోటా జపాన్ సంస్థే అయినా, 2019లో వచ్చిన జీఆర్ సుప్రాను బీఎండబ్ల్యూ జెడ్4తో పాటు ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మాగ్నా స్టైర్ అనే సంస్థ తయారు చేసింది. ఇటలీ పేరు పెట్టుకున్న ఫియట్ 124 స్పైడర్ హిరోషిమాలోని మాజ్దా కర్మాగారంలో తయారైంది. స్టట్‌గార్ట్‌లోని సొంత ఫ్యాక్టరీ గిరాకీని అందుకోలేకపోవడంతో పోర్షే సంస్థ 1997 నుంచి 2011 వరకు చాలా బాక్స్‌టర్ కార్లను ఫిన్లాండ్‌లో వాల్మెట్ అనే సంస్థ చేత చేయించింది. జర్మనీలో బిగించిన బాక్స్‌టరే మేలని ఎక్కువ ధర అడిగేవారు ఉంటారు. డిజైను, ఇంజిను, నాణ్యతా ప్రమాణాలు ఒకటే అయినప్పుడు ఆ అదనపు సొమ్ము ఇవ్వనక్కరలేదని నా గట్టి అభిప్రాయం. అంతకంటే సర్వీస్ రికార్డు సక్రమంగా ఉన్న కారుకు నాలుగు రాళ్లు ఎక్కువ పెట్టడం మంచిది.

రెండో అడుగు: ఛాసిస్ నంబరు చదవండి. ఆర్సీలోనూ, ముందు అద్దం కింది మూలలోనూ కనిపించే ఈ పదిహేడు అక్షరాల నంబరు సాధారణంగా జర్మనీకి డబ్ల్యూ, జపాన్‌కు జే, ఇటలీకి జెడ్, బ్రిటన్‌కు ఎస్ అనే అక్షరంతో మొదలవుతుంది. అయితే మొదటి అక్షరం తయారీదారు నమోదైన దేశాన్ని సూచించేదే తప్ప ఫ్యాక్టరీని సూచించేది కాదు. ఆస్ట్రియాలో తయారైన సుప్రా నంబరు కూడా డబ్ల్యూతోనే మొదలవుతుంది. చాలా సంస్థలు ఫ్యాక్టరీ గుర్తును పదకొండో స్థానంలో ఉంచుతాయి. పైన చెప్పిన బాక్స్‌టర్లలో అక్కడ ఎస్ ఉంటే స్టట్‌గార్ట్, యూ ఉంటే ఫిన్లాండ్.

మూడో అడుగు అన్నింటికంటే ముఖ్యమైనది: కారు పూర్తిగా తయారై ఓడలో వచ్చిందా, విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించారా అన్నది కనుక్కోండి. వ్యాపార భాషలో మొదటిదాన్ని సీబీయూ అనీ, రెండోదాన్ని సీకేడీ అనీ అంటారు. కారు విలువకు ఓడ ఖర్చు, బీమా కలిపితే 40,000 డాలర్లు దాటే పెట్రోల్ కారు పూర్తిగా తయారై వస్తే, 2025 బడ్జెట్ తరువాత 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు కలిపి 110 శాతం పడుతుంది. ఆ మొత్తం మీద, 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లో ఉన్న 40 శాతం జీఎస్టీ వేస్తారు. రేవుకు చేరేసరికి 50 లక్షల విలువ ఉన్న కారును లెక్కకు తీసుకుంటే, సుంకం 55 లక్షలు కలిసి కోటీ 5 లక్షలు అవుతుంది. దానిపై జీఎస్టీ 42 లక్షలు చేరి మొత్తం కోటీ 47 లక్షలు అవుతుంది. డీలరు లాభం, బీమా, ధర పెరిగేకొద్దీ రేటు కూడా పెరిగే మన రాష్ట్రపు లైఫ్ టాక్స్ ఇంకా దీనిలో కలవలేదు.

విడిభాగాలుగా వచ్చే కారుపై సుంకం చాలా తక్కువ. చెన్నై కర్మాగారంలో బిగించిన బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్-షోరూమ్ ధర 2022 డిసెంబరులో 69.20 లక్షలు. పూర్తిగా దిగుమతి అయిన జెడ్4 ఎం40ఐ ధర 2023 మేలో 89.30 లక్షలు. రెండింటిలోనూ ఉన్నది మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజినే, పైగా ఎక్కువ శక్తి గలది చెన్నై కారే. రెండు తలుపుల ఓపెన్‌టాప్ కారుకు కొంత అదనపు ఖర్చు ఉండటం సహజమే అయినా, ఈ తేడాలో పెద్ద భాగం పన్నుదేనని గుర్తించాలి. వేగమే కావాలనుకునేవారు ముందుగా మన దేశంలో బిగించే మోడళ్లను చూడాలి.

నాలుగో అడుగు: కొనే సమయాన్ని ఆలోచించుకోండి. 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం బ్రిటన్‌లో తయారైన కార్లపై సుంకం ఏటా ఇన్ని కార్లకే అన్న ఒక కోటా పరిధిలో దశలవారీగా 10 శాతానికి దిగుతుంది. పైన లెక్క వేసిన కారుకే 10 శాతం సుంకం పడితే మొత్తం 77 లక్షల దగ్గర ఆగుతుంది. అక్కడ తయారయ్యే ఆస్టన్ మార్టిన్, మెక్‌లారెన్ వంటి వాటిపై కన్నేసినవారు ఒప్పందం అమలు ఏ దశలో ఉంది, కోటా ఎంత మిగిలింది అని డీలరును అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. రాయితీకి తయారీ దేశమే ఆధారం. లోటస్ బ్రిటిష్ పేరే అయినా దాని ఎలెట్రే చైనాలోని వుహాన్‌లో తయారవుతుంది కనుక ఆ పేరు చూసి రాయితీ వస్తుందని అనుకోకూడదు.

ఐదో అడుగు పాత కారు కొనేవారికి. వ్యక్తిగతంగా దిగుమతి చేసుకున్న కారైతే, సుంకం కట్టినట్టు చూపే బిల్ ఆఫ్ ఎంట్రీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. సుంకం ఎగవేసిన వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం 1962 కస్టమ్స్ చట్టం అధికారులకు ఇచ్చింది. హైదరాబాద్, బెంగళూరు నుంచి తెచ్చే కారుకు అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్లీ కట్టవలసిన లైఫ్ టాక్స్ కూడా బేరంలో లెక్కించండి.

చివరగా, అధీకృత సర్వీస్ కేంద్రం విశాఖలో ఉందా, లేక కారును లారీ మీద హైదరాబాదో చెన్నైయో పంపాలా అని అడగండి. బ్రేక్ డిస్కులు, ముందు అద్దం తెప్పించడానికి ఎంత ఖర్చు, ఎన్ని వారాలు పడుతుందో కూడా అక్కడే రాయించుకోండి. రుషికొండ, భీమిలి వైపు ఏళ్ల తరబడి తిరిగిన బండి అయితే దాన్ని లిఫ్టు మీదకు ఎక్కించి, ఉప్పుగాలికి అడుగుభాగం, బ్రేక్ పైపులు, ఎగ్జాస్ట్ బిగింపులు తుప్పు పట్టాయేమో మెకానిక్‌తో కలిసి చూసిన తరువాతే ధర చెప్పండి.