సంఘంలో బ్రదర్ అప్పు ఎగ్గొడితే ఎట్టా మాట్లాడాలి

రొయ్యల చెరువు కోసమని అప్పు తీసుకున్న బ్రదర్ ఏడాదైనా ఇవ్వకుండా ఆదివారం మన పక్కనే కూర్చుని స్తోత్రం అంటుంటే ఒళ్ళు మండిపోద్ది, నిజమే. ఆరోజు మాత్రం నోరు తెరవొద్దు, సంఘం వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు. కోపం దిగినాక బైబిల్లో మత్తయి 18:15లో ఉన్నట్టు ఒంటరిగా కలవండి, వినకపోతే ఇంకో ఇద్దరిని తీసుకుపోండి. ఎంత ఇచ్చారో సూటిగా చెప్పండి, మొహమాటపడి లెక్క తగ్గించొద్దు. వైరస్ కొట్టి చెరువు పోయుంటే వడ్డీ వదిలేసి పంట పంటకీ కొంత కట్టమనండి, జల్సాలకి తగలేసుంటే ఆ సడలింపు దేనికండీ, నోటు రాయించుకోండి.

సాయం చేసేటప్పుడు కూడా నిగ్రహం ఎట్టా ఉండాలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారిని చూడండి, 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించి కూలి ఇచ్చారు, కానీ తిండి కోసం చేరతారేమోనని బాప్తిస్మాలు ఆపేశారు, ఎంత నిగ్రహం కావాలో ఆలోచించండి. మళ్ళీ మొదలుపెట్టినాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

పాత బాకీ తీర్చకుండా మళ్ళీ అప్పు అడిగితే? డబ్బు ఇవ్వకండి, ఇంట్లో పిల్లలు పస్తులుంటే బియ్యం మూట పంపండి, అది బాకీలో రాయొద్దు.