పాత సూపర్‌హీరో కామిక్స్: ఒక నెల మొత్తం చదివి వెనక్కి చూడ్డం ఎలగ

మనోళ్లు పాత కామిక్స్ అనగానే స్పైడర్‌మాన్ ఒకటో నంబర్ పట్టుకుని వరసపెట్టి చదూకుంటా పోతారు, ఇరవయ్యో నంబర్ వచ్చేసరికి విసుగొచ్చి పక్కన పడేస్తారు, నేనూ రెండుసార్లు అలాగే పడేసా. మూడోసారి తిరగేసి చేసా. ఒక హీరోని నిలువునా చదవడం మానేసి ఒక నెలని అడ్డంగా చదివా, అంటే ఆ నెల కొట్లో ఏమేం వేలాడుతున్నాయో అవన్నీ, బాగున్నవీ చెత్తవీ కలిపి. పదేళ్ల గుంటడు చేతిలో చిల్లర పెట్టుకుని కొట్టు ముందు నిలబడి ఏం చూసుంటాడో అదీ మనం చూడాల్సింది.

ముందు నెల ఎంచుకోవాలి. ఇక్కడే నేను బోర్లా పడ్డా, మీరు పడొద్దు. మొదట 1963 నవంబర్ తీసుకున్నా, ఎందుకంటే 22వ తారీకున కెనెడీ హత్య జరిగింది కదా, ఆ దుఃఖం కథల్లో ఎలగ పడిందో రాద్దామని. నోట్‌బుక్‌లో మూడు పేజీలు రాసేసా కూడా, ఈ బొమ్మలో చీకటి చూడండి, ఈ మాటలో బరువు చూడండి అని. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా బావ అది చదివి "ఏటి బావా, ఆగస్టు సెప్టెంబర్లోనే అమ్మేసిన పుస్తకానికి నవంబర్లో పోయినాయన సంగతి ముందే తెలిసిపోయిందేటి?" అన్నాడు. అట్ట మీదున్న నెల అమ్మిన నెల కాదు. పుస్తకం రెండు మూడు నెలల ముందే కొట్లోకొచ్చేస్తాది, అట్ట మీద తారీకు కొట్టువాడు ఎప్పటికి దాన్ని తీసేసి మిగిలినవి వెనక్కి పంపాలో చెప్పడానికి. ఫెంటాస్టిక్ ఫోర్ ఒకటో నంబర్ మీద 1961 నవంబర్ అనుంటాది, వచ్చింది ఆగస్టులో. కాబట్టి నోట్‌బుక్‌లో రెండు తారీకులూ రాసుకోండి, అప్పుడు బయట లోకంలో ఏం జరిగిందో పోల్చుకోడానికి అమ్మిన నెలే వాడండి. ఆ మూడు పేజీలూ నేను చింపలేదు, సిగ్గు ఉండాలని ఉంచా.

మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా అట్ట మీద 1963 సెప్టెంబర్ ఉన్నవి. మార్వెల్ వాళ్ల ఎక్స్‌మెన్ ఒకటో నంబరూ అవెంజర్స్ ఒకటో నంబరూ రెండూ ఆ నెలవే, పైగా ఆ కంపెనీ సూపర్‌హీరో పుస్తకాలు అన్నీ కలిపి ఎనిమిదే, నెల రోజుల్లో హాయిగా అయిపోతాయి. ఎందుకంత తక్కువంటే వాళ్ల పుస్తకాలు కొట్లకి చేరవేసే డిస్ట్రిబ్యూటర్ పోటీ కంపెనీ డీసీ వాళ్ల చేతిలో ఉండేది, నెలకి ఇన్నే వెయ్యాలని కట్టడి. అందుకే ఆ రెండు కొత్త పుస్తకాలూ మొదట్లో రెండు నెలలకోసారే వచ్చేవి. ఒక్కోటి 12 సెంట్లు, అప్పుడు డాలర్ 4.76 రూపాయలు కాబట్టి మన లెక్కలో 57 పైసలు, ఎనిమిదీ కొంటే నాలుగున్నర రూపాయలు. అప్పటికి మన విజయనగరం జిల్లానే లేదు, 1979లో కదా వచ్చింది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి అంటే, ఇక్కడ గంటస్తంభం చుట్టూ ఎంత తిరిగినా ఇవి దొరకవు, తిరిగి చూసే చెబుతున్నా. అసలు కాపీల జోలికి పోకండి, లక్షలు. ఫోన్‌లో నెలకి డబ్బు కట్టి చదివే మార్వెల్ యాప్ ఉంది, లేదా మాస్టర్‌వర్క్స్ అని పాత కథలన్నీ కలిపి వేసిన గట్టి అట్ట పుస్తకాలున్నాయి. వీటితో చిక్కేటంటే చాలావాటిలో అప్పటి ప్రకటనలూ పాఠకుల ఉత్తరాలూ ఉండవు, సగం రుచి అక్కడే పోతాది. అవి కావాలంటే ఫేక్సిమిలీ ఎడిషన్ అని పాతదాన్ని ప్రకటనలతో సహా ఉన్నదున్నట్టు మళ్లీ వేస్తారు, ఒకటైనా కొనుక్కోండి. కానీ దాన్నే ఒరిజినల్ అని అంటగట్టేవాళ్లున్నారు, ఆన్‌లైన్‌లో ఒకాయన నాకు అంటగట్టాడు. బార్‌కోడ్ చూడండి, కామిక్స్ మీద బార్‌కోడ్ 1970ల మధ్యలో గానీ రాలేదు, 63 పుస్తకం మీద నల్ల గీతలు కనబడ్డాయంటే అది నిన్న మొన్నటిది. నేను డబ్బులు పంపేసాక తెలుసుకున్నా ఈ సంగతి.

లిస్టు ఇదిగో: ఫెంటాస్టిక్ ఫోర్ 18, అమేజింగ్ స్పైడర్‌మాన్ 4, జర్నీ ఇంటూ మిస్టరీ 96 (థార్ ఉండేది ఇందులో), టేల్స్ ఆఫ్ సస్పెన్స్ 45 (ఐరన్‌మాన్), టేల్స్ టు ఆస్టోనిష్ 47 (యాంట్‌మాన్, వాస్ప్), స్ట్రేంజ్ టేల్స్ 112, ఎక్స్‌మెన్ 1, అవెంజర్స్ 1. వారానికి రెండు చొప్పున నాలుగు వారాలు. నేను విశాఖ పాసింజర్‌లో చదువుతా, కొత్తవలస దాటేలోపు ఒకటి అయిపోతాది. వరస ముఖ్యం, పేరున్నవి ముందు చదివేస్తే చిన్నవి చదవబుద్ధి కాదు, కాబట్టి ఒక పేరున్నదీ ఒక పేరులేనిదీ జంటగా పెట్టుకోండి, అవెంజర్స్ మాత్రం ఆఖర్న. ఎందుకంటే అందులో కలిసే థార్, ఐరన్‌మాన్, యాంట్‌మాన్, వాస్ప్ అదే నెల తమ సొంత పుస్తకాల్లో ఏం పాట్లు పడుతున్నారో మీరు అప్పటికే చూసుంటారు, థార్ మెర్లిన్ అనే మాంత్రికుడితో, యాంట్‌మాన్ బాకా ఊది జనాన్ని మత్తులో పెట్టే ఒకడితో. ఇంక హల్క్‌కి అప్పుడు సొంత పుస్తకమే లేదు, ఆరు నంబర్లకే ఆగిపోయింది, పాపం ఈ అవెంజర్స్ 1లో సర్కస్‌లో రోబో వేషం కట్టుకుని దాక్కుంటాడు.

చదివేటప్పుడు సినిమాలు మర్చిపోండి, ఇది చాలా కష్టం. అవెంజర్స్‌లో కెప్టెన్ అమెరికా లేడు, నాలుగో నంబర్లో గానీ రాడు. ఎక్స్‌మెన్‌లో వుల్వరిన్ లేడు, ఐస్‌మాన్ చూడ్డానికి మంచు ముద్దలా ఉంటాడు, బీస్ట్‌కి నీలం బొచ్చు లేదు. ఐరన్‌మాన్ ఒళ్లంతా బంగారం రంగు డబ్బా, ఎరుపు బంగారం కవచం డిసెంబర్ నంబర్లోది. అయ్యో ఇది లేదే అది లేదే అని రాసుకుంటూ కూర్చుంటే ఉన్నది కనబడదు. అలాగని లేనిదాన్ని పూర్తిగా వదిలేయమని కాదు, డాక్టర్ స్ట్రేంజ్ స్ట్రేంజ్ టేల్స్ 110లో మొదలై 111లో కూడా ఉన్నాడు, మన నెలలో మాయం, మళ్లీ 114లో వచ్చాడు. ఇప్పుడంత పేరున్న మనిషి అప్పుడు ఉంటాడో ఊడతాడో తెలీని పరిస్థితి, విడిగా అతని కథలే ఏరి చదివితే ఈ ఖాళీ కనబడదు.

నోట్‌బుక్‌లో కథ మొత్తం రాయకండి, అది ఎక్కడైనా దొరుకుతాది. ఒక్కో పుస్తకానికి ఒక్క బొమ్మ దగ్గర ఆగి దాన్ని రాయండి. స్పైడర్‌మాన్ 4లో సాండ్‌మాన్ మొదటిసారి వస్తాడు, ఇసకగా మారిపోయే మనిషి, గుద్దితే చెయ్యి దూసుకుపోతాది. ఆ కొట్లాట మధ్యలో స్పైడర్‌మాన్ ముసుగు చిరిగిపోతాది. పెద్ద హీరో ఏం చెయ్యాలి? ఇంటికి పారిపోయి సూదీ దారం తీసుకుని కుట్టుకుంటాడు. స్టీవ్ డిట్కో బొమ్మ అది, పెళ్లికెళ్లే టైముకి చొక్కా గుండీ ఊడినవాడిలాగ ఉంటాది వాడి వాలకం. ఆఖరికి ఆ సాండ్‌మాన్‌ని ఓడించేది దేంతోననుకున్నారు, స్కూల్లో వాక్యూమ్ క్లీనర్ పెట్టి పీల్చేస్తాడు. ఇదే నెల ఫెంటాస్టిక్ ఫోర్‌లో సూపర్ స్క్రల్ అని ఆ నలుగురి శక్తులూ ఒక్కడికే ఉన్న విలన్, గ్రహాల మధ్య గొడవ, జాక్ కిర్బీ బొమ్మలు పేజీ చింపుకుని బయటికొచ్చేలా ఉంటాయి. రెండూ ఒకే 12 సెంట్లు. ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడే ఆ సూది గొప్పతనం నాకు అర్థమైంది, విడిగా చదివినప్పుడు నవ్వుకుని వదిలేసా.

చిన్న పుస్తకాల్లో కూడా ఏదో ఒకటి దొరుకుతాది, సస్పెన్స్ 45లో విలన్ జాక్ ఫ్రాస్ట్ గురించి చెప్పుకునేదేం లేదు గానీ ఐరన్‌మాన్ దగ్గర పనిచేసే హ్యాపీ హోగన్, పెప్పర్ పాట్స్ పుట్టింది అందులోనే, రేసు కారు యాక్సిడెంట్ నుంచి టోనీని, అంటే కవచం లేని ఐరన్‌మాన్‌ని, బయటికి లాగుతాడు హ్యాపీ. స్ట్రేంజ్ టేల్స్ 112 మాత్రం, ఈల్ అనే ఒక దొంగ, నేను రైల్లో నిద్రపోయా. నిద్రపోయాను అని కూడా రాసుకోండి.

ఓపికుంటే అదే నెల డీసీ వాళ్ల జస్టిస్ లీగ్ 22 ఒకటి కలుపుకోండి, రెండో భూమి (డీసీ కథల్లో మన భూమిలాంటిదే ఇంకోటి) మీద హీరోలతో కలిసే కథలో రెండో భాగం, అయితే ముందు 21 చదవాలి, అది ఆగస్టుది, అంటే రూలు తప్పినట్టే. నేను తప్పా.

నెల అయ్యాక వెంటనే రాయకండి, ఒక వారం ఆగి నోట్‌బుక్ మూసే ఉంచి ఎనిమిదింట్లో ఏం గుర్తున్నాయో చిత్తు కాగితం మీద రాయండి. అప్పుడు తెరిచి చూడండి. చదివిన రోజు ఎక్స్‌మెన్‌కి పేజీన్నర రాసా, వారం తర్వాత గుర్తున్నది మాత్రం సూదీ దారం, వాక్యూమ్ క్లీనరూ. మీ వ్యాసం ఆ చిత్తు కాగితం నుంచి మొదలెట్టండి, తారీకులూ నంబర్లూ నోట్‌బుక్ నుంచి సరిచూసుకోండి.

కొన్న పుస్తకాల్ని కవర్లో పెట్టి నిలబెట్టండి, మన వానాకాలం చెమ్మకి పడుకోబెట్టినవి అంటుకుపోతాయి. ఆ తర్వాత అక్టోబర్ లిస్టు వేసేటప్పుడు అవెంజర్స్, ఎక్స్‌మెన్ కోసం వెతక్కండి, ఆ నెల రావు. స్పైడర్‌మాన్ 5లో మాత్రం డాక్టర్ డూమ్ ఉన్నాడు, మా బావ అప్పుడే పట్టుకుపోయాడు, బేగి తెచ్చిస్తే మొదలెడతా.