సండే స్కూల్ పిల్లలకు రాహేలు కథ చెప్పాలంటే

రాయగడ, గుణుపురం, జయపురం వైపు మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు బైబిల్ తెరిచి ఆదికాండం 29 గడగడా చదివేస్తే సగం మందికి బుర్రకెక్కదు. ముందురోజే 29 నుంచి 35 దాకా మీరు చదువుకోండి, క్లాసులో మామూలు మాటల్లో చెప్పండి.

పేరుతో మొదలుపెట్టండి. హీబ్రూలో రాహేలు అంటే ఆడగొర్రె. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒడియాలో మెండా అని కూడా చెబితే ఇంకా బాగా పట్టుకుంటారు. వెంటనే బావి దగ్గరికి తీసుకెళ్లండి: బావి మీద పెద్ద రాయి, చుట్టూ మూడు మందలు పడుకుని ఉన్నాయి, అంతలో నాన్న గొర్రెల్ని తోలుకుంటూ రాహేలు వస్తుంది, యాకోబు ఆ రాయి దొర్లించి గొర్రెలకు నీళ్లు పెట్టి, ఆమెను ముద్దుపెట్టుకుని గట్టిగా ఏడ్చేస్తాడు. మేనమామ కూతురని చెప్పండి, మన పిల్లలకు వావి ఇట్టే అర్థమైపోతుంది.

రాహేలు కోసం మామ దగ్గర ఏడేళ్ల కొలువు, పెళ్లిలో ఆమె బదులు అక్క లేయాను అంటగట్టడం, మళ్లీ ఏడేళ్లు... ఇదంతా త్వరగా దాటేయండి.

ఆగాల్సింది ఆ తర్వాత. అక్క వరసగా కంటోంది, ఈమెకు పిల్లల్లేరు. పిల్లల్నివ్వు, లేకపోతే చచ్చిపోతానని మొగుడితో అనేసింది. 31:38లో యాకోబు మామతో గొడవపడుతూ, ఇరవై ఏళ్లుగా నీ గొర్రెలు ఈచుకుపోలేదు, అంటే వాటికి గర్భం పోలేదు, అంటాడు, హీబ్రూలో అక్కడున్నది రాహేలు పేరులోని మాటే. మందకు ఏ లోటూ రాని ఆ ఇంట్లో అదే పేరున్న మనిషి ఏళ్ల తరబడి బిడ్డ కోసం అల్లాడిపోయింది. పెద్ద పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి, ఎందుకంటే పిల్లల్లేని అత్తో పిన్నో మన ఇళ్లలోనూ ఉంటుంది, ఆమెను ఎవరో ఏదో అనడం వాళ్లు వినే ఉంటారు.

రాహేలు తన తండ్రి గృహదేవతల్ని దొంగిలించి, ఒంటె సామాగ్రిలో దాచి పైన కూర్చున్న సంగతీ చెప్పండి. ఆమెను మచ్చలేని మనిషిగా చూపించక్కర్లేదు.

యోసేపు పుట్టాక ఇంకో కొడుకు కావాలనుకుంది, ఆ కాన్పులోనే ఎఫ్రాతా, అంటే బేత్లెహేము, దారిలో చనిపోయింది. ప్రాణం పోతుండగా బెనోని, అంటే నా దుఃఖపు కొడుకు, అని పేరు పెడితే యాకోబు దాన్ని బెన్యామీను, కుడిచేతి కొడుకు, అని మార్చాడు. ఇక్కడ మాత్రం తొందరపడకండి, ప్రశ్నలు అడగనివ్వండి.

మత్తయి 2:18లో రాహేలు ఏడుపు మళ్లీ వస్తుంది, యిర్మీయా 31:15లోని మాట అది. దాన్ని క్రిస్మస్ క్లాసుకు ఉంచుకోండి. హేరోదు రాజు బేత్లెహేము పిల్లల్ని చంపించిన చోటికి వచ్చేసరికి రాహేలెవరో వాళ్లకు తెలిసే ఉంటుంది.