చైల్డ్‌మైండర్‌తో కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టే ముందు ఏమేం అడగాలి?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని చైల్డ్‌మైండర్ (డబ్బు తీసుకుని తన ఇంట్లో వేరేవాళ్ళ పిల్లల్ని చూసుకునే మనిషి) దగ్గర పెట్టే తెలుగువాళ్ళు ముందుగా అడిగేవి రెండే: గంటకి ఎంత, ఎప్పటినుంచి ఖాళీ ఉంది. మిగతా ప్రశ్నలన్నీ మొదటి బిల్లు వచ్చాక గుర్తొస్తాయి. అప్పుడు అడిగి లాభం లేదు, సంతకం అయిపోయింది.

మా పిల్లలిద్దరూ చైల్డ్‌మైండర్ల దగ్గరే పెరిగారు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన కుటుంబాలతో కూర్చుని చాలా కాంట్రాక్టులు చదివాను. పిల్లని సరిగా చూడలేదన్న గొడవలు అరుదు. నేను చూసినవి దాదాపు అన్నీ పిల్ల వెళ్ళని రోజులకి కట్టాల్సిన డబ్బు గురించే. అందుకే ఆ సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఇది ఇంగ్లండ్ వరకే. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో రిజిస్ట్రేషన్, ప్రభుత్వం డబ్బిచ్చే ఉచిత గంటల లెక్కలు వేరు.

ముందు కాగితాలు

ఈ పని పది నిమిషాల్లో అయిపోతుంది. చైల్డ్‌మైండర్‌ని రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. అందులోని నంబర్‌తో ఆఫ్‌స్టెడ్ (బడుల్ని, చైల్డ్‌మైండర్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో తనిఖీ రిపోర్ట్ చదవండి. ఆమె చైల్డ్‌మైండర్ ఏజెన్సీ ద్వారా రిజిస్టర్ అయితే ఆమె పేరు మీద ఆఫ్‌స్టెడ్ రిపోర్ట్ ఉండదు కాబట్టి ఏజెన్సీ చేసిన తనిఖీ కాగితం అడగండి. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందా? పిల్లల ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ తేదీ ఎంత? మూడేళ్ళకోసారి మళ్ళీ చేయాలి. ఆ ఇంట్లో 16 ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ డీబీఎస్ చెక్ (నేర చరిత్ర తనిఖీ) అయ్యిందా? కార్లో తిప్పుతుంటే కారు ఇన్సూరెన్స్‌లో ఆ పని కూడా చేర్చారా?

పిల్లల సంఖ్య కూడా అడగండి. మామూలుగా ఒక చైల్డ్‌మైండర్ దగ్గర ఎనిమిదేళ్ళలోపు వాళ్ళు ఆరుగురికి మించకూడదు. ఆ ఆరుగురిలో ఐదేళ్ళలోపు చిన్నవాళ్ళు ముగ్గురు, ఏడాది నిండనివాళ్ళు ఒక్కరు. ఆమె సొంత పిల్లలూ ఈ లెక్కలోకి వస్తారు. అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు కలిసి వచ్చేటప్పుడు కొన్ని మినహాయింపులున్నాయి. మీ పాప ఉండే రోజుల్లో ఇంకెవరెవరు ఉంటారో రోజువారీగా చెప్పమనండి.

మన వాట్సాప్ గ్రూపుల్లో 'తెలుగు ఆంటీ ఉన్నారు, మన వంటే పెడతారు, కాంట్రాక్ట్ గొడవే లేదు' అని మెసేజ్‌లు వస్తుంటాయి. డబ్బు తీసుకుని తన ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని రోజుకి రెండు గంటలకి మించి చూసుకోవాలంటే సాధారణంగా రిజిస్టర్ అయి తీరాలి. అమ్మమ్మకి, నానమ్మకి, సొంత పిన్నికి, మేనత్తకి ఈ నియమం లేదు. మన ఊరివాళ్ళే, పిన్నిలాంటిదే అన్నంత మాత్రాన చట్టం ముందు ఆమె బంధువు కాదు. రిజిస్టర్ కాకపోతే ఉచిత గంటలు రావు, ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ (మీరు వేసిన దానికి ప్రభుత్వం కొంత కలిపే ఖాతా) డబ్బు ఆమెకి పంపలేరు, రేపు ఏదైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఉండదు. ఆవిడ ఎంత మంచి మనిషైనా సరే, రిజిస్టర్ చేయించుకోమనండి, ఆ తర్వాతే పిల్లని పంపండి.

ఇల్లు చూడ్డానికి వెళ్ళడం

పనిరోజు సాయంత్రం ఐదింటికి వెళ్ళాలి, శనివారం పొద్దున కాదు. శనివారం ఇల్లు సర్ది ఉంటుంది, పిల్లలుండరు. ఐదింటికైతే పిల్లలు అలిసిపోయి ఉంటారు, తల్లిదండ్రులు వస్తుంటారు, ఆమె వాళ్ళతో ఎలా మాట్లాడుతుందో కనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ వెళ్ళండి. ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో కాదు.

తిండి గురించి మొహమాటం వద్దు. బీఫ్ పెట్టొద్దు, గుడ్డు పర్లేదు, జెలటిన్ ఉన్న స్వీట్లు వద్దు అని ఒక్కొక్కటే చెప్పండి. ఒక్క వెజిటేరియన్ అన్న మాటతో సరిపెట్టకండి, ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు మామూలుగా పెట్టేస్తారు. పప్పన్నం డబ్బాలో పంపితే వేడి చేసి పెడుతుందా? ఆ డబ్బా పంపిన రోజు భోజనం ఛార్జీ తగ్గుతుందా? ఇంట్లో కుక్క ఉంటే పిల్లలు తినేటప్పుడు అది ఎక్కడ ఉంటుంది?

మందుల గురించి ఒక్క మాట. మీరు రాసి ఇచ్చిన అనుమతి లేకుండా ఆమె కాల్పాల్ (పిల్లల పారాసిటమాల్ సిరప్) కూడా వేయకూడదు. ఆ ఫారం ముందే నింపండి. పిల్లని ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో ఆ రోజే పేర్లు రాయండి. ఇండియా నుంచి వచ్చిన తాతగారు గుమ్మం దగ్గర నిలబడితే, లిస్టులో పేరు లేకపోతే ఆమె పిల్లని పంపదు, పంపకూడదు కూడా.

కొందరు నర్సరీయే నయం, అక్కడ అన్నీ పద్ధతిగా ఉంటాయంటారు. నేను ఒప్పుకోను. మూడేళ్ళలోపు పిల్లలకి రోజూ అదే మనిషి, అదే వంటిల్లు, అదే దారి ఉండాలి. బడికి వెళ్ళే వయసొచ్చాక కూడా చాలామంది చైల్డ్‌మైండర్లు స్కూల్ నుంచి తీసుకొస్తారు, ఆ బంధం తెగదు. కాకపోతే నర్సరీలో ఒకరు సెలవు పెడితే ఇంకొకరు వస్తారు. చైల్డ్‌మైండర్ దగ్గర సాధారణంగా ఉండేది ఒక్కరే. కాంట్రాక్ట్‌లో కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

పిల్ల వెళ్ళని రోజుల డబ్బు

'మీ హాలిడే పాలసీ ఏంటి?' అని అడగకండి. అందరూ అడిగేది అదే, అందరికీ వచ్చేది 'అది కాంట్రాక్ట్‌లో ఉందండీ' అన్న జవాబే. ఆమె దాచిపెట్టి అలా చెప్పదు. ప్రశ్న గాల్లో ఉంటే జవాబూ గాల్లోనే ఉంటుంది.

వచ్చే ఏడాది క్యాలెండర్ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టండి. పెన్ను తీసుకుని నెలనెలా అడగండి: ఈ వారం మేం రాకపోతే బిల్లు ఎంత? ఈ వారం మీరు సెలవులో ఉంటే ఎంత? జవాబు పౌండ్లలో రావాలి. వచ్చిన ప్రతి జవాబూ క్యాలెండర్ మీదే రాయండి. ఆన్‌లైన్‌లో దొరికే యాభై ప్రశ్నల లిస్టులకన్నా ఇదే మేలు. ఆ లిస్టుల్లో ప్రశ్నలకి అవును, కాదు అంటే సరిపోతుంది. క్యాలెండర్ ముందు లెక్క చెప్పక తప్పదు.

మొదట ఆమె సెలవులు. ఏడాదికి ఎన్ని వారాలు, వాటికి మీరు కట్టాలా వద్దా, తేదీలు ఎంత ముందు చెప్తుంది? గంట రేటు ఒక్కటే చూసి పోల్చేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఒకరు గంటకి 7 పౌండ్లు, ఐదు వారాల సెలవుకి ఏమీ అడగరు అనుకుందాం. ఇంకొకరు గంటకి 6.50, సెలవు వారాలకి కూడా పూర్తి ఫీజు. మీకు వారానికి 36 గంటలు కావాలి. మొదటావిడకి 47 వారాలకి 11,844 పౌండ్లు. రెండో ఆవిడకి 52 వారాలకి 12,168. ఇద్దరూ పిల్లని చూసుకునేది 47 వారాలే. తక్కువ రేటు ఆవిడకే 324 పౌండ్లు ఎక్కువ కడుతున్నారు. రేటు కాదు, ఏడాది మొత్తం అడగండి.

తర్వాత ఆమె ఒంట్లో బాగోలేక మూసేసిన రోజులు. ఆ రోజులకి డబ్బు కట్టకూడదు, ఇందులో బేరం లేదు. కాంట్రాక్ట్‌లో కట్టాలని ఉంటే ఆ వాక్యం కొట్టేయించి ఇద్దరూ పక్కన పొట్టి సంతకం పెట్టండి. ఆ రోజు పిల్లని ఎక్కడ ఉంచాలి, ఆమెకి తెలిసిన ఇంకో చైల్డ్‌మైండర్ తీసుకుంటారా అన్నదీ అప్పుడే అడగండి.

మీ పిల్లకి జ్వరమొస్తే సాధారణంగా పూర్తి ఫీజు కట్టాలి. అది న్యాయమే, ఆ చోటు వేరేవాళ్ళకి ఇవ్వలేదు కదా. కానీ ఎన్ని రోజులు దూరంగా ఉంచాలో ముందే తెలుసుకోండి. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు. చికెన్‌పాక్స్ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా. మొదటి చలికాలంలో ఇలాంటి రోజులు చాలానే వస్తాయి, ఆఫీసు సెలవులు ఆ లెక్కన దాచుకోండి.

బ్యాంక్ హాలిడేలు ఏడాదికి ఎనిమిది. వాటిలో కనీసం నాలుగు సోమవారాలే వస్తాయి: ఈస్టర్ సోమవారం, మేలో రెండు, ఆగస్టు చివర ఒకటి. చాలా కాంట్రాక్టుల్లో మూసి ఉన్నా డబ్బు కట్టాలనే ఉంటుంది. వారానికి మూడు రోజులే కావాలంటే సోమవారం తీసుకోకండి. తప్పదంటే బదులు ఇంకో రోజు ఇస్తుందేమో అడగండి.

ఇక అన్నింటికన్నా పెద్దది, మన ఇండియా ప్రయాణం. టికెట్ ఖర్చు చూసుకుని ఒకసారి వెళ్తే మనం ఐదారు వారాలు ఉండి వస్తాం. ఆ ప్రయాణం గురించి మీరు చెప్పందే ఆమెకి తెలియదు. గంటకి 7, రోజుకి తొమ్మిది గంటలు, వారానికి నాలుగు రోజులంటే వారానికి 252 పౌండ్లు. ఐదు వారాలకి 1,260. ఇది తిరిగొచ్చాక బిల్లులో చూసి గుండె ఆగినంత పనయ్యే కుటుంబాలు ఏటా కనిపిస్తాయి. వెళ్ళాం, సేవ తీసుకోలేదు, ఎందుకు కట్టాలి అంటారు. అది సరైన వాదన కాదు. చిన్నపిల్లలకి ఆమె దగ్గర ఉన్నవే మూడు చోట్లు, ఐదు వారాలకోసం కొత్త పిల్ల దొరకదు. మీరు కట్టకపోతే ఆమె ఇంటి ఖర్చుకి కోత పడుతుంది. కాబట్టి అసలు కట్టనని అడగకండి. మొదటి రెండు వారాలు పూర్తి ఫీజు, ఆ పైన సగం, మేం మూడు నెలల ముందు రాసి చెప్తాం అని అడగండి. పిల్ల చేరకముందు ఇలా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. టికెట్లు కొన్నాక అడిగితే ఒప్పుకోరు.

ఇదే వరసలో రెండో కాన్పు. అమ్మమ్మ వస్తుంది, తల్లి ఇంట్లోనే ఉంటుంది, పెద్దపిల్లని కొన్నాళ్ళు మాన్పించేద్దాం అనుకుంటారు. మాన్పిస్తే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. చోటు ఉంచడానికి రిటైనర్ ఎంత, ఎన్ని నెలల వరకు, లేదా వారానికి ఒక్క రోజుకి తగ్గించుకోవచ్చా అని ఇప్పుడే అడగండి.

చివరగా నోటీసు. ఎక్కువగా నాలుగు వారాలుంటుంది. ఆమె మానేయాలన్నా అన్నే వారాలు ఇవ్వాలి. ఆమె సెలవులో ఉన్న వారాలు, మీరు ఇండియాలో ఉన్న వారాలు నోటీసులో కలుస్తాయా? డిపాజిట్ చివరి బిల్లులో తగ్గిస్తారా, వేరేగా తిరిగిస్తారా? సెట్లింగ్-ఇన్ రోజుల్లో (మొదట్లో అలవాటు పడే రోజులు) పిల్ల కుదురుకోకపోతే తక్కువ నోటీసుతో వెళ్ళిపోవచ్చా? ట్రైన్ ఆలస్యమైతే పావుగంటకి ఎంత? రేటు ఎప్పుడు పెంచుతారు, ఎన్ని వారాల ముందు చెప్తారు?

ఉచిత గంటలు

పని చేసే తల్లిదండ్రులకి తొమ్మిది నెలల వయసు నుంచి వారానికి 30 గంటలు 2025 సెప్టెంబర్ నుంచి ఉన్నాయి. అయితే ఇవి ఏడాదికి 38 వారాలకే, మొత్తం 1,140 గంటలు. 51 వారాలకి పంచితే వారానికి 22 చిల్లరే. ఎలా పంచుతుందో అడగండి. తల్లిదండ్రుల్లో ఒక్కరికైనా పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం) హక్కు ఉండాలి. ఇద్దరూ వర్క్ వీసా, డిపెండెంట్ వీసా మీదుంటే సాధారణంగా ఈ 30 గంటలు గానీ, ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ గానీ రావు. మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ ఇచ్చే 15 గంటలకి మాత్రం వీసాతో సంబంధం లేదు. ఈ తేడా తెలియక పూర్తి ఫీజు కడుతున్నవాళ్ళున్నారు.

హక్కు ఉన్నవాళ్ళు ప్రభుత్వ సైట్‌లో అప్లై చేసి, వచ్చే కోడ్‌ని స్కూల్ టర్మ్ మొదలయ్యేలోపే తీసుకుని, మూడు నెలలకోసారి మళ్ళీ కన్ఫర్మ్ చేయాలి. భోజనం, నాపీలు, ఔటింగ్‌లకి ఆమె ఛార్జ్ అడగొచ్చు, కానీ అవి కడితేనే ఉచిత గంటలిస్తాననే షరతు పెట్టకూడదు. బిల్లులో ఇవి విడివిడిగా రాయమనండి.

సంతకం

చూసిన రోజే సంతకం పెట్టకండి. కాంట్రాక్ట్ ఇంటికి తెచ్చుకుని, క్యాలెండర్ మీద రాసినవాటితో ఒక్కొక్కటీ సరిచూడండి. అచ్చు వేసిన ఫారాల్లో ఖాళీలుంటాయి, ఒక్క ఖాళీ కూడా వదలకుండా నింపించండి. వర్తించకపోతే అడ్డంగా గీత కొట్టండి. నోటిమాటగా ఒప్పుకున్న ఇండియా వారాల సగం ఫీజు అందులో లేకపోతే వేరే కాగితం మీద రాసి జత చేయండి. వాట్సాప్ మెసేజ్ చాలదు. రోజులు, గంటలు, రేటు మారిన ప్రతిసారీ కొత్త కాగితం రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం పెట్టి, చెరో కాపీ ఉంచుకోండి.